అణువునకు ఆకృతి ఎట్లు వచ్చును?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వృత్తిచేత గ్రామ లెక్కలు వ్రాయువాడను. తీరిక వేళల కావ్యములు, వ్యాకరణము నాకు నేనుగా చదువుకొన్నవాడను. ఇట్టివాడు రసాయనశాస్త్రమును గూర్చి ఉపన్యసించుటేమని కొందరు మిత్రులకు తోచవచ్చును. కాని నేడు నేను మనవి చేయబోవు విషయమునకు గాజుగొట్టములు అక్కరలేదు, ఆమ్లములు అక్కరలేదు. కూడిక, భాగహారము వచ్చినచో చాలును. మన గ్రంథాలయపు అలమారలలో పురాణముల ప్రక్కనే విజ్ఞానశాస్త్ర గ్రంథములు కూడ ఇరువదియైదేండ్లుగా నిలిచియున్నవి. వానిలో నాకు మిక్కిలి నచ్చిన లెక్క యొకటి కలదు. ఆ లెక్కను మీ యెదుట విప్పి చెప్పుటయే నా యుద్దేశము.

మన ఊరి వస్తువులు మూటిని తలచుకొందము. పేడతొట్టి నుండి గొట్టముగుండ పొయ్యికి వచ్చి నీలిమంటతో మండు గోబరు గ్యాసు ఒకటి. తెల్లవారుజామున గొడ్లసావిడిలో అడుగిడగానే ముక్కునకు తగులు ఘాటు రెండవది. చేదతో తోడుకొను బావినీరు మూడవది. మొదటిదానిలో ముఖ్యముగా నుండునది మీథేను అను వాయువు. రెండవది అమోనియా. మూడవది చెప్పనక్కరలేదు. ఈ మూటి అణువుల బరువులు ఇంచుమించు సమానములు. హైడ్రోజను పరమాణువు బరువు 1 అనుకొన్నచో మీథేను అణువు బరువు 16, అమోనియా 17, నీరు 18. తూకములో ఇంత దగ్గర చుట్టములైన ఈ మూడును నడవడిలో ఎంత దూరమో చూడుడు. మీథేను సున్నకు దిగువ 161 సెంటీగ్రేడు డిగ్రీల వద్దనే మరిగి వాయువగును. అమోనియా సున్నకు దిగువ 33 డిగ్రీల వద్ద మరుగును. నీరు మరుగుటకు సున్నకు ఎగువ 100 డిగ్రీల వేడిమి కావలెను. బరువు చెప్పలేని ఈ భేదమును చెప్పునది ఏది? చాలవరకు వాని అణువుల ఆకృతియు, ఆ ఆకృతిని కలిగించు ఎలక్ట్రాను జంటలును.

ముందుగా రెండు మాటలు. పదార్థమును విడదీయగా విడదీయగా మిగులు మూలకపు కణము పరమాణువు. పరమాణువులు కొన్ని కూడి యేర్పడినది అణువు. ఈ పదములు వినగానే మన పెద్దలకు వైశేషిక దర్శనము జ్ఞప్తికి వచ్చును. పరమాణువులు రెండు చేరి ద్వ్యణుకమగుననియు, ద్వ్యణుకములు మూడు చేరి త్ర్యణుకమగుననియు, గవాక్షము నుండి పడు ఎండలో మెరయు రజస్సు అట్టి త్ర్యణుకమనియు ఆ దర్శనమున చెప్పిరి. అది గొప్ప ఊహ. ఐనను నేడు మనము చెప్పుకొనబోవు కోణములు, ఎలక్ట్రానులు అందే యున్నవని వాదించుట పూర్వులను గౌరవించుట కాదు. వారు పలుకని మాటను వారి నోట పెట్టుటయే యగును. వారి నుండి మనము స్వీకరింపదగినది 'ఇది ఇట్లేల యున్నది?' అను ప్రశ్న. ఆ ప్రశ్న యే దేశమువారు వేసినను మనదే.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా శాస్త్రజ్ఞులు అణువులను కాగితముపై అక్షరములతోను గీతలతోను వ్రాయుట నేర్చిరి. కాగితము బల్లపరుపు గనుక అణువులు కూడ బల్లపరుపుగా నుండునను భావము సులభముగా కలుగును. 1874లో హాలెండు దేశస్థుడైన వాంట్ హాఫ్ అను 22 ఏండ్ల యువకుడు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. కార్బను పరమాణువు యొక్క నాలుగు బంధములు ఒకే తలమునందుండవనియు, నాలుగు ముఖములు గల ఘనాకృతి యొక్క నాలుగు మూలలవైపు చాచుకొని యుండుననియు అందు వ్రాసెను. అదే యేట ఫ్రాన్సు దేశమున లె బెల్ అను నతడు వేరుగా ఇట్టి యభిప్రాయమునకే వచ్చెను. 1877లో జర్మనీ దేశపు ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త కోల్బె ఆ యువకుని తీవ్రముగా అధిక్షేపించెను. వాంట్ హాఫ్ అప్పుడు ఉట్రెక్టు నగరమందలి పశువైద్య పాఠశాలలో పనిచేయుచుండెను. ఆ పాఠశాల నుండి రెక్కల గుర్రము నొకదానిని అరువు తెచ్చుకొని ఆకాశమున విహరించుచున్నాడని కోల్బె పరిహాసము. పరిహాసము గాలికి పోయినది, నాలుగు మూలల కార్బను నిలిచినది. 1901లో రసాయనశాస్త్రమునకు మొట్టమొదటి నోబెలు బహుమానము ఆ వాంట్ హాఫ్‌నకే లభించెను. ఆ బహుమానము వేరొక పరిశోధనకు వచ్చినదే ఐనను, శాస్త్రమున పదవి సాక్ష్యము కాదనియు, సాక్ష్యమే సాక్ష్యమనియు ఈ కథవలన తెలియుచున్నది.

బంధములు నాలుగు మూలలకే యేల చాచుకొనవలెను? దీనికి సమాధానము చెప్పుటకు ఎలక్ట్రాను తెలియవలసి వచ్చెను. పరమాణువు నడుమ ధనవిద్యుత్తు గల కేంద్రకము కలదు. దాని చుట్టును ఋణవిద్యుత్తు గల ఎలక్ట్రానులు కలవు. వానిలో వెలుపలి కర్పరమందున్నవే ఇతర పరమాణువులతో వ్యవహారము నడపును. 1916లో అమెరికా దేశస్థుడైన గిల్బర్టు లూయిస్ రెండు పరమాణువుల నడుమ బంధమనగా అవి ఉమ్మడిగా పంచుకొను ఎలక్ట్రాను జంట యని చెప్పెను. ఇద్దరు రైతులు చెరియొక ఎద్దును తెచ్చి ఉమ్మడిగా ఒక అరక కట్టుట వంటిది.

ఇక మన లెక్కకు వత్తము. మధ్యనున్న పరమాణువు పేర ఒక పద్దు తెరచి, దాని వెలుపలి ఎలక్ట్రానులను, పొత్తునకు వచ్చిన పరమాణువులు తెచ్చిన ఎలక్ట్రానులను జమ కట్టవలెను. మొత్తమును రెంట భాగించినచో జంటల సంఖ్య వచ్చును. తరువాత ఒకటే నియమము. ఈ జంటలు ఒకదానినొకటి తొలగద్రోచుకొనును. ఉన్న చోటులో ఒకదానికొకటి ఎంత యెడముగా నుండగలవో అంత యెడముగా సర్దుకొనును. ఆ సర్దుబాటే అణువు ఆకృతికి మూలము.

దీనిని పిల్లలు స్వయముగా చూడవచ్చును. తిరునాళ్లలో అమ్ము గాలి బుడగలు సమానముగా ఊది, మూతులు దగ్గరగా బిగించి కట్టవలెను. రెండు బుడగలు కట్టినచో అవి ఎదురెదురుగా ఒకే గీతలో నిలుచును. నడిమి కోణము 180 డిగ్రీలు. మూడు కట్టినచో ఒకే తలమున మూడు వైపులకు విచ్చుకొనును. కోణము 120 డిగ్రీలు. లేత తాటికాయ చెక్కినప్పుడు మూడు ముంజలు కనబడు తీరు ఇదియే. నాలుగు కట్టినచో ఏమగును? నాలుగనగానే మనకు తూర్పు, పడమర, ఉత్తరము, దక్షిణము తోచును. అట్లున్నచో కోణము 90 డిగ్రీలే. కాని పైన, క్రింద చోటు ఖాళీగా నుండగా అవి నేలబారుగా ఇరుకున పడియుండుటేల? బుడగలు తమంతట తాము లేచి, నాలుగు మూలల ఘనాకృతిలో నిలుచును. అప్పుడు ఏ రెంటి నడుమ చూచినను కోణము 109.5 డిగ్రీలు. పూర్వము యుద్ధములలో గుర్రముల దారిలో వెదజల్లుటకు నాలుగు మొనల ఇనుప ముళ్లు చేసెడివారు. ఎట్లు విసరినను మూడు మొనలు నేలనాని నాలుగవది పైకి నిలుచును. మన చేలగట్ల పల్లేరుగాయ కూడ ఎట్లు పడినను ఒక ముల్లు మన పాదమువైపే చూచును గదా!

అణువులలో ఉదాహరణములు చూతము. గోలీసోడాలో బుసబుస పొంగు కార్బను డయాక్సైడునందు నడుమ కార్బను, ఇరుప్రక్కల ఆక్సిజనులు. ఒక్కొక్క ఆక్సిజనుతో రెండేసి జంటల బంధమున్నను, ఆ రెండును ఒకే వైపునకు పోవును గనుక ఆకృతి లెక్కలో ఒక గుంపుగానే చూడవలెను. అనగా గుంపులు రెండే. కావున ఆ యణువు నిడుపాటి గీత. మన గ్రంథాలయపు క్యారమ్సు పలకపై చల్లు బోరిక్ పొడిలో నడిమి బోరాను వెలుపలి ఎలక్ట్రానులు 3, మూడు ఆక్సిజనులు బంధమునకిచ్చునవి 3, మొత్తము 6, అనగా మూడు జంటలు. కావున బోరాను చుట్టు మూడు ఆక్సిజనులు తాటిముంజలవలె ఒకే తలమున నుండును. జంటలు ఆరైనచో తూర్పు, పడమర, ఉత్తరము, దక్షిణము, ఊర్ధ్వము, అధస్సు అను ఆరు దిక్కులు పట్టును. విద్యుత్ ఉపకేంద్రములలో పెద్ద మీటల యందు నింపు సల్ఫరు హెక్సాఫ్లోరైడు వాయువు అణువు ఇట్టిది.

మన మూడు వస్తువులకు మరల వత్తము. మీథేను పద్దు: కార్బను 4, నాలుగు హైడ్రోజనులు 4, మొత్తము 8, జంటలు 4. అమోనియా పద్దు: నైట్రొజను 5, మూడు హైడ్రోజనులు 3, మొత్తము 8, జంటలు 4. నీటి పద్దు: ఆక్సిజను 6, రెండు హైడ్రోజనులు 2, మొత్తము 8, జంటలు 4. చిత్రము! మూడు పద్దులును నాలుగు జంటలకే తేలినవి. ఐతే మీథేనులో నాలుగు జంటలును బంధములు. అమోనియాలో మూడే బంధములు, నాలుగవ జంట ఎవరితోను పొత్తులేక నైట్రొజను వద్దనే యున్నది. నీటిలో అట్టి జంటలు రెండు. వీనిని శాస్త్రజ్ఞులు ఒంటరి జంటలందురు.

అణువు ఆకృతిని పరీక్షించు ఉపాయములలో సాధారణముగా మనకు తెలియునది పరమాణువుల స్థానమే. ఒంటరి జంట చివర పరమాణువు లేదు. కావున అమోనియా చూపునకు మూడుకాళ్ల ముక్కాలిపీట వలె నుండును. నీరు చూపునకు వంగిన కొడవలి వలె నుండును. ఒంటరి జంటలను లెక్క విడిచినచో అమోనియా తాటిముంజలవలె పరచుకొనవలెను, నీరు నిడుపాటి గీత కావలెను. నిజమునకు అట్లు లేవు. గ్రామ లెక్కలు వ్రాయువారికి ఇది తెలిసిన సంగతియే. పోరంబోకు భూమికి పట్టాదారు లేడు, శిస్తు లేదు. ఐనను దానిని లెక్కలో విడిచినచో గ్రామ విస్తీర్ణము తేలదు, హద్దులు కుదరవు. ఫలసాయము లేని భూమియు చోటు ఆక్రమించును.

అంతియే కాదు, ఒంటరి జంట బంధ జంటకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. రెండు గుంజలకు ఇరువైపుల కట్టిన పశువు ఆ రెంటి నడుమనే నిలుచును. ఒకే గుంజకు కట్టిన పశువు చుట్టు తిరిగి విశాలముగా మేయును. బంధ జంట రెండు కేంద్రకముల ఆకర్షణలో సన్నగా నిలుచును. ఒంటరి జంట ఒకే కేంద్రకమునకు లోబడి విస్తరించును. కావున అది ప్రక్కనున్న బంధములను లోపలికి నొక్కును. మీథేనులో కోణము 109.5 డిగ్రీలు. ఒక ఒంటరి జంట గల అమోనియాలో సుమారు 107 డిగ్రీలు. రెండు గల నీటిలో 104.5 డిగ్రీలు. మెట్టు మెట్టుగా కోణము తగ్గుట చూచితిరి గదా.

తెలుగు వ్యాకరణము చదివినవారికి ఇట్టి వ్యవహారము క్రొత్త కాదు. 'పారెన్' అను క్రియకు 'కాలువ' అను పదము చేరినప్పుడు 'పారెఁ గాలువ' అగును. నకారము పోయినది. నేటి అచ్చులో అరసున్నయు పోవుచున్నది. ఐనను 'కా' మాత్రము 'గా' యైనది. కంటికి కనబడని ద్రుతము తన ప్రక్కనున్న పరుషమును సరళముగా మార్చినది. 'గా' ఎట్లు వచ్చినదని యడిగినచో ద్రుతమును ఒప్పుకొనక గతిలేదు. నీటి కోణము 104.5 డిగ్రీలేల యని యడిగినచో ఒంటరి జంటలను ఒప్పుకొనక గతిలేదు.

ఈ సిద్ధాంతము ఒక్కరి సొత్తు కాదు. 1940లో ఆక్స్‌ఫర్డునందలి సిడ్జ్‌విక్, పవెల్ అను ఇరువురు బంధ జంటలను, ఒంటరి జంటలను కలిపి లెక్కించినచో ఆకృతి తెలియునని చూపిరి. 1957లో లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన రొనాల్డు గిలెస్పీ, రొనాల్డు నైహోమ్ అనువారు ఆ భావమును విస్తరించి, జంటలలో ఏది దేనిని ఎక్కువగా త్రోయునో వివరించిరి. ఒంటరి జంటలు రెండు ఎదురైనచో త్రోపుడు అన్నిటికంటె ఎక్కువ, ఒంటరి జంటకును బంధ జంటకును నడుమ కొంత తక్కువ, రెండు బంధ జంటల నడుమ అన్నిటికంటె తక్కువ. నైహోమ్ ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ అను గనుల పట్టణమున పుట్టినవాడు, 1971లో మోటారు ప్రమాదమున మరణించెను. గిలెస్పీ 1958లో కెనడాకు పోయి, సుదీర్ఘకాలము ఈ విషయమునే బోధించి 2021లో కాలధర్మము నొందెను. దీనికి వేలన్సీ కర్పర ఎలక్ట్రాను జంట వికర్షణ సిద్ధాంతమని పొడుగు పేరు. పేరు పొడుగైనను పని పొట్టి.

సిద్ధాంతమనగా తెలిసినదానిని చెప్పుట మాత్రమే కాదు, తెలియనిదానిని ముందుగా చెప్పి పరీక్షకు నిలువవలెను. గాలిలో లేశమాత్రముగా నుండు జెనాను అను వాయువు ఏ మూలకముతోను కూడదని అంతవరకు దాదాపు అందరును నమ్మిరి. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ దానిని మొదటిసారి సంయోగమునకు లొంగదీసెను. అదే యేట అమెరికాలో ఒక జెనాను, నాలుగు ఫ్లోరినులు గల పదార్థమును తయారుచేసిరి. మన పద్దు వేసి చూతము. జెనాను 8, ఫ్లోరినులు 4, మొత్తము 12, జంటలు 6. బంధములు 4 పోగా ఒంటరి జంటలు 2. అవి ఒకదానికొకటి దూరముగా ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోవును. నాలుగు ఫ్లోరినులు నడుమ చదరముగా మిగులును. పరీక్షింపగా అణువు చదరముగానే కనబడెను. ఆరు ఫ్లోరినులు గల వేరొక పదార్థమున జంటలు 7, ఒంటరి జంట 1. కావున అది ఆరు దిక్కుల సమాకృతిగా నుండక కొంత వికృతి చెందునని గిలెస్పీ ముందే చెప్పెను. తరువాతి ప్రయోగములు ఆ మాటనే బలపరచెను. మనము గొడ్లసావిడికి వేసిన లెక్కయే జెనానునకును చెల్లుట గమనింపుడు.

ఇంతకు ఈ ఆకృతితో మనకేమి ప్రయోజనమని ఒక రైతు సోదరుడు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మొదట ఎరువు సంగతి చూతము. చేలో చల్లిన యూరియా నేలయందు మారి అమోనియా నిచ్చును. అమోనియాలోని ఒంటరి జంట ఊరక కూర్చుండునది కాదు. ఎలక్ట్రాను పోగొట్టుకొన్న హైడ్రోజను ఎదురైనచో దానికి చోటిచ్చి, నాలుగవ బంధముగా మారును. అప్పుడు అమోనియా అమోనియం అగును. ఇక ఒంటరి జంట లేదు, నొక్కువారు లేరు, కోణము 109.5 డిగ్రీలకు తిరిగి వచ్చును. సిద్ధాంతమునకు ఇదియొక చక్కని సాక్ష్యము. అమోనియమునకు ధనవిద్యుత్తు కలదు గనుక ఋణవిద్యుత్తు గల బంకమట్టి రేణువులు దానిని పట్టియుంచును. మార్పు నేలపైననే జరిగినచో అమోనియా కొంత గాలిలో కలిసిపోవును, మట్టిలో కలిసినచో చాలవరకు నిలుచును. యూరియాను తడినేలపై ఊరక వెదజల్లక మట్టిలో కలుపుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుటలోని రహస్యము ఇది.

తరువాత నీరు. ఆక్సిజను ఎలక్ట్రానులను తనవైపు ఎక్కువగా లాగుకొనును. కార్బను డయాక్సైడులో కూడ ఆక్సిజనులు లాగుచునే యున్నవి. కాని సమబలము గల రెండెద్దులు ఎదురెదురుగా లాగినచో బండి కదలదు. అట్లే ఆ గీతవంటి అణువులో ఇరువైపుల లాగుడు సరికి సరి యగును. నీటి అణువు వంగియున్నది గనుక లాగుళ్లు రద్దుగాక ఒకే వైపునకు కూడును. ఆక్సిజను వైపు కొంత ఋణవిద్యుత్తు, హైడ్రోజనుల వైపు కొంత ధనవిద్యుత్తు మిగులును. ఈ రెండు కొసల బలముననే నీరు ఉప్పును విడదీసి తనలో కలుపుకొనును. కిరసనాయిలులో ఉప్పు వేసి యెంత కలిపినను కరగదు. నేలలోని లవణములు నీటిలో కరగి వేళ్లకు చేరుటయు, మన రక్తములో ఉప్పు ప్రవహించుటయు ఆ వంపు వలననే.

నీటి అణువు తన రెండు హైడ్రోజనులతో ఇద్దరు పొరుగువారిని, రెండు ఒంటరి జంటలతో మరి యిద్దరిని పట్టుకొనగలదు. మీథేనునకు అట్టి చేతులు లేవు. అమోనియాకు ఒంటరి జంట ఒకటే. అందుచేతనే మీథేను సులభముగా విడిపోయి వాయువగును, అమోనియా కొంత నిలుచును, నీరు 100 డిగ్రీల వరకు నిలుచును. మనము మొదట వేసికొన్న ప్రశ్నకు ఇది సమాధానము. నీరు గడ్డకట్టినప్పుడు ప్రతి యణువు నలుగురు పొరుగువారిని నాలుగు మూలల పట్టుకొని నిలుచును. నడుమ ఖాళీలు మిగులును. 1000 గ్రాముల నీరు పట్టు చోట మంచుగడ్డ 917 గ్రాములే పట్టును. కావున మంచు నీటిపై తేలును. శీతల దేశములలో సరస్సులు పైన గడ్డకట్టినను అడుగున నీరు నీరుగానే యుండి చేపలు బ్రతుకుచున్నవి. నీటి అణువు నిడుపాటి గీతయైనచో ఈ వ్యవహారము ఇట్లు నడవదు. ఎవరితోను పొత్తులేదని మనము తీసివేయబోయిన ఆ రెండు జంటలపై ఇంత లోకము నిలిచియున్నది.

ఈ సిద్ధాంతమునకు హద్దులు కూడ కలవు. ఆకృతి చెప్పును గాని కోణమును దశాంశములతో సహా చెప్పదు. 107, 104.5 అను అంకెలు కొలిచి తెలిసికొన్నవే. కుళ్లిన గ్రుడ్డు వాసన గల హైడ్రోజను సల్ఫైడు నీటివలెనే రెండు ఒంటరి జంటలు గలది. కోణము తగ్గుననియే సిద్ధాంతము చెప్పును. కొలువగా సుమారు 92 డిగ్రీలు మాత్రమే. ఇనుము, రాగి వంటి లోహముల సంయోగములలో ఈ లెక్క అంతగా పనికిరాదు. మరియొక సంగతి. జంటలు త్రోచుకొనునని మనము చెప్పుకొనునది ఋణవిద్యుత్తు ఋణవిద్యుత్తును త్రోయుట మాత్రమే కాదు. ఒకే తీరు భ్రమణము గల రెండు ఎలక్ట్రానులు ఒకే స్థితిలో నుండజాలవని 1925లో పౌలీ చెప్పిన నియమము దీనికి లోతైన పునాది. ఇంత చిన్న లెక్కకు ఇంత పెద్ద ఫలమున్నను, అది ఎక్కడ చెల్లునో ఎక్కడ చెల్లదో తెలిసి వాడుటయే చదువు.

సోదరులారా, మన పిల్లలు పాఠశాలలలో మీథేను 109.5, అమోనియా 107, నీరు 104.5 అని వల్లించి పరీక్ష వ్రాసి మరచుచున్నారు. అంకె మరపునకు వచ్చినను నష్టము లేదు. జంటలను లెక్కించు పద్ధతి నిలిచినచో ఏ అణువును చూచినను వారే ఆకృతిని ఊహింపగలరు. వల్లించినవాడు చెప్పినదే చెప్పును, లెక్క తెలిసినవాడు చెప్పనిది కూడ తెలిసికొనును. ఈ జ్ఞానము పట్టణపు కళాశాలలకే చెందినదనియు, ఆంగ్లము వచ్చినవారికే అందుననియు నిరాశ పడనక్కరలేదు. నేడు నేను చెప్పినదంతయు తెలుగుననే చెప్పితిని. బుడగలు, తాటిముంజలు, పల్లేరుగాయలు మన ఊరివే. కావలసినది ఒక పుస్తకము, దానిని చదువుటకు ఒక దీపము, కూర్చుండుటకు ఒక బల్ల. ఆ మూటిని ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా మనకు సమకూర్చుచున్నది.

కార్యవర్గమువారికి నాదొక మనవి. పిల్లల అలమారలో రసాయనశాస్త్ర గ్రంథముల ప్రక్కన కొన్ని బుడగలు, కొంత దారము కూడ ఉంచుడు. ఖర్చు స్వల్పము, పద్దు నేనే వ్రాసెదను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతవార్షికోత్సవమును చూచుగాక యని ప్రార్థించుచున్నాను.